60 శాతం అంటే దేంట్లో?

మొన్న సంక్రాంతికి కావలి పోతే, మా అన్న కొడుకు ఆఫర్ లెటరుతో పాటు ఇన్సూరెన్సు కాగితాలు కూడా తెచ్చి ముందర పెట్టాడు. డల్లాస్‌లో ఉద్యోగం. "నెట్‌వర్క్‌లో లేని డాక్టరు దగ్గరికి పోయినా 60 శాతం ఇస్తారంట బాబాయ్, ఇంకేంది దిగులు?" అన్నాడు. నెట్‌వర్క్ అంటే ఇన్సూరెన్సు కంపెనీతో ఒప్పందం ఉన్న డాక్టర్లు, ఆస్పత్రులు.

దేంట్లో 60 శాతంరా అంటే, బిల్లులో అన్నాడు.

అమెరికా పోయిన కొత్తలో నేనూ అట్లే అనుకున్నా. భుజం నొప్పికి నెట్‌వర్క్ బయట స్పెషలిస్టుకి చూపించుకుంటే 1,200 డాలర్ల బిల్లయింది. 720 వాళ్లు కడతారని ధీమాగా ఉన్నా. తర్వాత ఇన్సూరెన్సు నుంచి ఈఓబీ, అంటే ఎవరెంత కట్టాలో చెప్పే లెక్కల కాగితం, వచ్చింది. "ఇది బిల్లు కాదు" అని రాసుంటుంది చూడండి, ఆ కాగితం. అందులో అలౌడ్ అమౌంట్ (ఆ వైద్యానికి ఇన్సూరెన్సు వాళ్లు ఒప్పుకునే రేటు) అనే గడిలో 500 ఉంది. 60 శాతం ఆ 500లోనంట! వాళ్లిచ్చింది 300, నా చేతి చమురు 900. ఇన్సూరెన్సు కట్టడం మొదలుపెట్టే ముందు ఏటా మనమే పెట్టుకోవాల్సిన డిడక్టబుల్ అప్పటికే తీరిపోయింది కాబట్టి ఆ 300 అన్నా వచ్చాయి.

రైతు పుట్టికి ఎంత చెప్పినా, మిల్లరు తేమా తరుగూ అని తన లెక్కే కడతాడు గదా. ఇదీ ఆ బాపతే. నెట్‌వర్క్ డాక్టరైతే ఆ రేటుకి ముందే సంతకం పెట్టుంటాడు, తరుగు ఆయనే భరిస్తాడు. బయటి డాక్టరు దాన్ని మన దగ్గర వసూలు చేసుకుంటాడు.

ఆ 500 ఎక్కడి నుంచి వచ్చిందంటే, ప్లాన్‌ని బట్టి. కొన్ని ప్లాన్లు మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్లకి అక్కడి ప్రభుత్వమిచ్చే ఇన్సూరెన్సు) రేటు మీద ఇంత శాతం అని కడతాయి. కొన్ని ఫెయిర్ హెల్త్ అని వైద్యం బిల్లుల వివరాలు పోగేసే సంస్థ లెక్కలు చూస్తాయి. అక్కడ 80వ పర్సంటైల్ అంటే, ఆ ఏరియాలో అదే వైద్యానికి వేసిన బిల్లుల్లో నూటికి 80 ఆ మొత్తానికి లోబడి ఉన్నాయని. మెడికేర్ లెక్కయితే మామూలుగా మనకు వచ్చేది తక్కువ.

అందుకని అపాయింట్‌మెంట్‌కి ముందే డాక్టరు ఆఫీసులో సీపీటీ కోడ్ అడగండి, ఏ వైద్యం చేస్తారో చెప్పే నంబరు అది, 5 అంకెలు ఉంటుంది. దాన్ని ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పి అలౌడ్ అమౌంట్ ఎంతో కనుక్కోండి. ఫెయిర్ హెల్త్ సైటులో మీ జిప్ కోడ్ కొట్టి కూడా చూసుకోవచ్చు, ఊరికేనే.

ఎమర్జెన్సీకి ఇంత భయం అక్కర్లేదు. 2022 జనవరి 1 నుంచి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ అని అనుకోని బిల్లులకి అడ్డంపడే చట్టం ఉంది. నెట్‌వర్క్ ఆస్పత్రిలో మత్తు డాక్టరు బయటివాడైనా ఆ తరుగు మన మీద వేయకూడదు. రోడ్డు మీద వచ్చే అంబులెన్సుకి మాత్రం ఆ చట్టం వర్తించదు.

మా వాడి ప్లాన్ పుస్తకమంతా తిరగేశాం. "రీజనబుల్ అండ్ కస్టమరీ", అంటే న్యాయమైన, మామూలు రేటు, అని మూడు చోట్ల ఉంది, లెక్క ఎట్లా కడతారో ఒక్కచోటా లేదు. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టించా. నేను ఫ్లైటెక్కే రోజుకి కూడా జవాబు రాలేదు.