నవ్వుకు చోటు వదిలిపెట్టు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మీ కామెడీ సీరియల్‌లో ఒక ఎపిసోడ్‌ను లైవ్‌గా చేస్తున్నారని, దర్శకత్వం నీకే అప్పగించారని చదివి సంతోషించాను. భయంగా ఉందని రాశావు. ఉండాలి. భయం లేనివాళ్లతో లైవ్ చేయాలంటే నాకు భయం.

ముందు నిడివి సంగతి చూడు. అరగంటలో ప్రకటనలు పోగా మీకు మిగిలేది 21, 22 నిమిషాలు. అంత నిడివికీ స్క్రిప్టు రాయించుకున్నావంటే మునిగినట్టే. ప్రేక్షకులు ఎదురుగా ఉంటే ఒక్కో జోకు వెనక మూడు నాలుగు సెకన్లు నవ్వుకే పోతాయి, ఆ రాత్రి కోసేందుకు ఎడిటర్ ఉండడు. రిహార్సల్ కొలతను నమ్మకు. అక్కడ ఉండేది మనవాళ్లే, అదే జోకుకు పదోసారి ఎవరు నవ్వుతారు? నేనైతే స్క్రిప్టును రెండు నిమిషాలు తక్కువగా ఉంచేవాణ్ణి. ప్రతి సన్నివేశం ఏ నిమిషానికి ముగియాలో పేజీ అంచున పెన్సిల్‌తో రాసుకునేవాణ్ణి. చివరి సన్నివేశంలో ఎత్తేసినా కథ చెడని నాలుగు డైలాగుల చుట్టూ గీత గీసేవాణ్ణి. వాటిని ఎత్తేయమని ఫ్లోర్ మేనేజర్ కెమెరా పక్కన నిలబడి చేసే సైగ ఉంటుంది చూడు, దాన్నీ రిహార్సల్ చేయించు. డైలాగులన్నీ నోటికొచ్చిన నటులే ఆ సైగ చూసి తెల్లబోతారు.

నవ్వు పైకి లేచి, దిగడం మొదలవగానే తర్వాతి మాట పడాలి. పూర్తిగా చల్లారేదాకా ఆగితే సన్నివేశం చప్పబడుతుంది, ముందే అందుకుంటే మాట వినపడదు. నేర్పితే వచ్చేది కాదు, జనం ముందు రెండు మూడుసార్లు ఆడిస్తేనే వస్తుంది. అందుకని రిహార్సల్‌కు కొత్త ముఖాలను పిలిపించు.

అమెరికాలో '30 రాక్' అనే కామెడీ సీరియల్ వాళ్లు 2010 అక్టోబర్ 14న ఒకే ఎపిసోడ్‌ను రెండుసార్లు లైవ్‌గా ఆడారు, తూర్పు తీరానికి ఒకసారి, పశ్చిమ తీరానికి మూడు గంటల తర్వాత ఇంకోసారి. దొరికితే రెండూ పక్కపక్కన పెట్టుకుని చూడు. కొన్ని జోకులు మార్చారు కూడా. నాకు బాగా నచ్చింది ఇంకొకటి. గతాన్ని చూపే ముక్కల్లో కథానాయిక టీనా ఫే పాత్రను జూలియా లూయీ-డ్రైఫస్ అనే ఇంకో నటి వేసింది. ఒకే మనిషి దుస్తులు మార్చుకుని సెట్టు చివరి నుంచి చివరికి పరుగెత్తే అవసరం తప్పింది, పైగా అదే ఒక జోకైంది. ఇబ్బందిని దాచకుండా కథలో కలిపేయడమంటే అదీ.

దుస్తులంటే గుర్తొచ్చింది. నా మొదటి లైవ్‌లో కథానాయకుడు జేబులోంచి ఉత్తరం తీసి చదవాలి. కంగారులో కోటు మార్చాడు, ఉత్తరం పాత కోటులోనే ఉండిపోయింది. ఖాళీ జేబులో చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు. నాకు కంట్రోల్ రూమ్‌లో చెమటలు పట్టాయి. తల్లి వేషం వేసినావిడ తాపీగా, "నీ ఉత్తరం నేను పొద్దుననే చదివేశాలే, చెప్తాను కూర్చో" అని, అందులోని ముక్కలన్నీ అప్పజెప్పింది. ఆ రాత్రి అన్నిటికంటే పెద్ద నవ్వు దానికే వచ్చింది. ఆవిడకు అందరి డైలాగులూ వచ్చు. నీ నటుల్లో కనీసం ఇద్దరికైనా రావాలి. ఉత్తరాలు మాత్రం ప్రతి కోటులో ఒకటి పెట్టించు.

తప్పు దొర్లితే జనం క్షమిస్తారు. 2019 మేలో 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' అనే అమెరికన్ కామెడీ సీరియల్ పాత ఎపిసోడ్‌ను లైవ్‌గా మళ్లీ ఆడినప్పుడు నటుడు జేమీ ఫాక్స్ మాట తడబడి, ఇది లైవ్ అని పైకే అనేశాడు. పక్కవాళ్లు నవ్వు ఆపుకోలేకపోయారు, జనమూ అంతే. అది చూసి మీ రచయితలు "మనమూ ఒక తప్పు రాసిపెడదాం" అంటారు. ఒప్పుకోకు. రాసిపెట్టిన తడబాటును చిన్నపిల్లలు కూడా పట్టేస్తారు.

ఆ రాత్రి నేను టీవీ ముందే ఉంటాను. ఫోను మర్నాడు చేస్తాను, అప్పటిదాకా ఎవరేం చెప్పినా నీ చెవికెక్కదు.