మేనల్లుడి బేస్‌బాల్ విజిట్ల గురించి

తమ్ముడూ,

మేనల్లుడికి కోచ్‌ల నుంచి ఫోన్లు మొదలయ్యాయని మరదలు చెప్పింది. చాలా సంతోషం. జూనియర్ ఇయర్‌కి (పదకొండో తరగతి) ముందు వచ్చే ఆగస్టు 1 దాటితే డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. ఇక కాలేజీలకి వెళ్ళి చూసొచ్చే విజిట్ల హడావుడి ఉంటుంది. మావాడప్పుడు ఇదంతా దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి నాకు తెలిసినవి రాస్తున్నాను.

క్యాంపుకి రమ్మని వచ్చే ఈమెయిళ్ళన్నీ పిలుపులనుకోవద్దు. ఫీజు కట్టి రమ్మనే ఉత్తరం చాలామంది పిల్లలకి ఒకేలా వెళ్తుంది. వాడి ఆట ఎక్కడ చూశాడో చెప్పి, కోచ్ స్వయంగా ఫోన్ చేసి రమ్మంటే అప్పుడు ఆశ పెట్టుకోండి.

అఫీషియల్ విజిట్ అంటే ఖర్చు కాలేజీదే. డివిజన్ 1లో మొత్తం అయిదే వెళ్ళాలన్న పరిమితిని 2023 జులైలో తీసేశారు. ఇప్పుడు ఎన్ని కాలేజీలకైనా వెళ్ళొచ్చు, మామూలుగా ఒక్కోదానికి ఒక్కసారి, రెండు రాత్రులు. వాడితోపాటు ఇంట్లో ఇద్దరి ప్రయాణం, బస, భోజనం కాలేజీ పెట్టుకోవచ్చు. పెట్టుకుని తీరాలని లేదు, అందుకని ఎవరి టిక్కెట్లు ఎవరు కొంటారో ముందే అడుగు. కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ, దాని ఎలిజిబిలిటీ సెంటర్‌లో నమోదు, స్కూల్ మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ లేనిదే ఇది జరగదు. అనఫీషియల్ విజిట్‌కి ఖర్చు మనదే. కార్లో వెళ్ళొచ్చేంత దూరంలో ఉన్నవి ముందు అలా చూసెయ్యండి. ఎన్‌సీఏఏ డెడ్ పీరియడ్ అని పెట్టిన రోజుల్లో మాత్రం వెళ్ళకండి, అప్పుడు క్యాంపస్‌లో కోచ్ మిమ్మల్ని కలవకూడదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకున్నది ఇది. అక్కడ మాట్లాడాల్సింది వాడు. మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే పిల్లలు పక్కన నిలబడటం అలవాటు. కోచ్ ప్రశ్న వాణ్ణి అడిగితే జవాబు నీ నోట్లోంచి వస్తుంది, నీ సంగతి నాకు తెలుసు. ఆపుకో. అమ్మానాన్నలతో వాడెలా ఉంటున్నాడు, వాడి బ్యాగ్ వాడే మోస్తున్నాడా, భోజనం దగ్గర ఫోన్ చూస్తున్నాడా అన్నది కూడా వాళ్ళు గమనిస్తారు. అపాయింట్‌మెంట్ ఈమెయిలూ, వచ్చాక థాంక్యూ ఈమెయిలూ వాడే రాయాలి. మరదలు తప్పులు దిద్దితే చాలు.

వెళ్ళేముందు ఆ టీమ్ వెబ్‌సైట్‌లో రోస్టర్ (ఆటగాళ్ళ జాబితా) తెరిచి వాడితోనే లెక్క వేయించు. వాడి పొజిషన్‌లో, అంటే షార్ట్‌స్టాప్‌లు ఎంతమంది, ఏ ఏడాదిలో ఉన్నారు, హైస్కూల్ నుంచి వచ్చారా, ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్ళ జాబితా) నుంచి వచ్చారా. 2025-26 నుంచి హౌస్ సెటిల్‌మెంట్‌లో (ఆటగాళ్ళకి కాలేజీలే డబ్బివ్వొచ్చన్న కోర్టు ఒప్పందం) చేరిన కాలేజీలకి బేస్‌బాల్ రోస్టర్ 34 మందే. ఆ చోటు కోసం వాడు పోటీ పడేది పద్దెనిమిదేళ్ళ పిల్లలతోనే కాదు, ఇరవై రెండేళ్ళ ట్రాన్స్‌ఫర్లతో కూడా. “నేనొచ్చిన ఏడాది నా పొజిషన్‌లో ఎవరుంటారు? ఫాల్ ప్రాక్టీస్ తర్వాత ఎంతమందిని తీసేస్తారు?” అని వాడే అడగాలి. సూటిగా చెప్పే కోచ్‌ని నేను నమ్ముతాను. నవ్వేసి మాట దాటేస్తే అది గుర్తుపెట్టుకోండి.

డబ్బు సంగతి మాత్రం నువ్వు అడుగు, మొహమాటపడకు. ఇదివరకు డివిజన్ 1లో టీమ్ మొత్తానికి 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే ముక్కలు చేసి పంచేవారు. ఇప్పుడు ఆ 34 మందికీ ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు. “నలభై శాతం” అని ఎవరైనా అంటే, దేంట్లో నలభై అని అడుగు, ట్యూషన్‌లోనా, హాస్టల్, భోజనంతో కలిపి మొత్తం ఖర్చులోనా? బయటి రాష్ట్రంలో ఏడాదికి 60,000 డాలర్లయ్యే చోట నలభై శాతం తీసేసినా నీ మీద 36,000 పడుతుంది. సొంత రాష్ట్రంలో 30,000 అయ్యే కాలేజీలో ఏమీ ఇవ్వకపోయినా అదే చవక. ఒక్క ఏడాదికా, నాలుగేళ్ళకా? మెరిట్ స్కాలర్‌షిప్ దీనికి కలుస్తుందా? ఎంత జీపీఏ ఉంటే నిలుస్తుంది?

నీ గ్రీన్‌కార్డు ఇంకా రాలేదు కాబట్టి ఇంకో మాట. హెచ్-4 (డిపెండెంట్ వీసా) మీదున్న పిల్లలకి ఫెడరల్ ఎయిడ్ రాదు. కాలేజీ మధ్యలో 21 నిండితే వాడి స్టేటస్ మారాలి. పేరు, ఫోటో వాడుకున్నందుకు ఇచ్చే ఎన్ఐఎల్ డబ్బు ఎవరైనా ఇస్తామంటే సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాల్సిందే. ఆ విజిట్‌లోనే ఆటల నిబంధనలు చూసే కంప్లయన్స్ ఆఫీసునీ, ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసునీ కలుస్తామని ముందే చెప్పి టైం తీసుకో.

వాడు ఇంజనీరింగ్ అంటున్నాడు కదా. సీజన్‌లో 56 ఆటల దాకా ఉంటాయి, వారాంతాలన్నీ ప్రయాణాలే. మధ్యాహ్నం ల్యాబ్, మధ్యాహ్నమే ప్రాక్టీస్ వస్తే ఏది వదులుకుంటారు? కోచ్ జవాబు సరిపోదు, ఆ టీమ్‌లో ఇంజనీరింగ్ చదివే కుర్రాడితో మాట్లాడించమనండి. అలాంటివాడు ఒక్కడూ లేకపోతే అదే జవాబు.

రాత్రికి వాణ్ణి టీమ్ కుర్రాళ్ళ దగ్గర ఉంచొచ్చు. తాగుడు కనిపిస్తే ఫోన్ చెయ్యమనీ, ఎన్నింటికైనా వచ్చి తీసుకెళ్తామనీ బయల్దేరేముందే చెప్పండి.

ఆఫర్ ఇచ్చి అక్కడికక్కడే మాట ఇమ్మంటే ఇవ్వొద్దు. కృతజ్ఞత చెప్పి, గడువెంతో అడిగి రండి. నోటి ఆఫర్‌కి ఇటూ అటూ కట్టుబాటు లేదు. ఆ కాలేజీలోనే చేరతానని సంతకం పెట్టే పాత నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్ 2024లోనే పోయింది, ఇప్పుడు సంతకం చేసే ఎయిడ్ అగ్రిమెంట్‌లో ఉన్నదే లెక్క.

డివిజన్ 1 కాకపోతే నామోషీ అనుకోకు, వాడి ముందు అసలు అనకు. డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, చదువుకీ అవసరానికీ ఇస్తారు. శాన్ ఆంటోనియోలోని ట్రినిటీ 2016లో ఆ డివిజన్ ఛాంపియన్. మేజర్ లీగ్‌లో పేరున్న పిచ్చర్లు రోజర్ క్లెమెన్స్, ఆండీ పెటిట్ ఆడింది హ్యూస్టన్ పక్కన శాన్ జసింటో అనే జూనియర్ కాలేజీకి.

తిరిగొచ్చేటప్పుడు కార్లో మీ అభిప్రాయాలు చెప్పకండి. ముందు వాణ్ణి చెప్పనివ్వండి. ఆ కోచ్ వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయినా, మోచెయ్యి దెబ్బతిని ఏడాది ఆడలేకపోయినా అక్కడే చదవాలనిపిస్తుందా అని అడగండి.

తేదీలు ఖాయం కాగానే ట్రాన్స్‌క్రిప్ట్, ఆ కాలేజీల పేర్లు నాకు పంపు. ఆదివారం వాణ్ణి కూడా ఫోన్‌లో కూర్చోబెట్టు, అడగాల్సిన ప్రశ్నలు వాడిచేతే రాయిద్దాం.

నీ అక్క