పార్కిన్సన్స్ ఉన్న నాన్న జూదం ఆపలేకపోతున్నారు, కొత్త పని ఏదీ నేర్చుకోలేకపోతున్నారు. ఇది జబ్బా, మందా, మొండితనమా?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. నాన్నగారికి కొన్నేళ్లుగా పార్కిన్సన్స్. పార్కిన్సన్స్‌కి ఇచ్చే లెవోడోపా ఒక్కటే చాలడం లేదని ఏడాది కిందట ప్రామిపెక్సోల్ అనే ఇంకో మందు కలిపారు. నడక బాగుపడింది. కానీ ఇప్పుడు రాత్రంతా ఫోన్‌లో డబ్బు పెట్టి జూదం ఆడుతున్నారు, ఎంత పోయినా ఆగడం లేదు. అదే మనిషికి కొత్త టీవీ రిమోట్ ఎన్నిసార్లు చూపించినా పట్టుబడటం లేదు. ‘జూదానికి పనిచేసే బుర్ర రిమోట్‌కి ఎందుకు పనిచేయదు, కావాలనే చేస్తున్నారా’ అని అడిగారు.

కావాలని కాదు. రెండింటి వెనకా డోపమైన్ అనే మెదడు రసాయనమే ఉంది. వణుకు, బిగుసుకుపోవడం పైకి కనబడతాయి కాబట్టి ఇది ఒంటి జబ్బు అనుకుంటాం. కానీ కాళ్లూ చేతులూ కదిలించే ఆ రసాయనమే ఏ పనికి ఫలితం దక్కింది, ఏ పనికి దెబ్బ తగిలింది అన్న లెక్క కూడా మెదడుకు నేర్పుతుంది.

1990లలో మెదడు శాస్త్రవేత్త వుల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన ప్రయోగాలు ఈ సంగతిని బాగా చూపించాయి. అనుకోకుండా పండ్లరసం దొరికితే డోపమైన్ కణాలు ఒక్కసారిగా చురుగ్గా స్పందించేవి. రసానికి ముందు ఒక దీపం వెలుగుతుందని కోతికి అలవాటయ్యాక, ఆ స్పందన రసం దగ్గర పోయి దీపం దగ్గరకు వచ్చింది. దీపం వెలిగాక రసం రాకపోతే, రావలసిన ఆ క్షణంలో కణాలు మామూలు కంటే తగ్గి మౌనం వహించాయి. పైకి లేచిన స్పందన ‘ఇది మళ్లీ చెయ్యి’ అని నేర్పుతుంది. కిందికి పడిన మౌనం ‘ఇది మానెయ్యి’ అని నేర్పుతుంది. మీ ప్రశ్నకు జవాబు ఈ రెండోదానిలో ఉంది.

పార్కిన్సన్స్‌లో మందు లేనప్పుడు డోపమైన్ అసలే తక్కువ, కాబట్టి పైకి లేచే స్పందన బలహీనం. మందు వేశాక, ముఖ్యంగా ప్రామిపెక్సోల్ లాంటిది, రిసెప్టర్లను (డోపమైన్‌ను అందుకునే కణాల మీది ద్వారాలను) గంటల తరబడి అదేపనిగా తట్టి లేపుతూనే ఉంటుంది. అప్పుడు నష్టం వచ్చినా ఆ మౌనం మెదడుకు వినబడదు. 2004లో మెదడు శాస్త్రవేత్త మైకేల్ ఫ్రాంక్ బృందం సరిగ్గా ఇదే చూపింది. మందు ఆపి పరీక్షించినప్పుడు రోగులు తప్పుల నుంచి బాగా నేర్చుకున్నారు, మందు మీద ఉన్నప్పుడు గెలుపుల నుంచి బాగా నేర్చుకున్నారు. మందు మీద ఉన్న మనిషికి గెలిచిన ఒక్క ఆట గట్టిగా నాటుకుంటుంది, ఓడిన పది ఆటలు జారిపోతాయి. ‘ఎంత పోయిందో చూశావా’ అని మీరు లెక్క చెప్పినప్పుడు ఆయనకు అర్థం కాక కాదు. అర్థమవుతుంది, సిగ్గు కూడా పడతారు. ఆ అర్థం చేతిని ఆపే చోటికి చేరదు.

మరి డాక్టరు అంత మందు ఎందుకిచ్చారు? డోపమైన్ కణాల నష్టం అన్నిచోట్లా సమానంగా ఉండదు. మెదడు లోతుల్లో ఉండే స్ట్రయాటమ్ అనే చోట పైభాగం, అందులోనూ పుటామెన్ అనే దాని వెనక భాగం, ముందు ఎండిపోతుంది. కదలికలను నడిపేది అదే. కోరిక, ఆశ, బహుమతుల లెక్క చూసే కింది భాగం తొలి ఏళ్లలో చాలావరకు బాగానే ఉంటుంది. ఎండిన మడికి చాలేంత నీళ్లు పెడితే, ఇంకా తడిగా ఉన్న పక్క మడి మునిగిపోతుంది. పైగా ప్రామిపెక్సోల్, అదే కోవ మందు రోపినిరోల్ డీ3 రకం రిసెప్టర్లను ఎక్కువగా పట్టుకుంటాయి, ఆ రిసెప్టర్లు దట్టంగా ఉండేది కింది భాగంలోనే. అందుకే మెదడులో డోపమైన్‌గా మారే లెవోడోపా కంటే, డోపమైన్‌ను అనుకరించే ఈ ఆగొనిస్టు మందులతో ఈ తంటా ఎక్కువ. 2010లో అచ్చయిన డొమినియన్ అధ్యయనంలో 3,090 మంది రోగులను పరిశీలించారు. ఆగొనిస్టు వాడేవారిలో 17.1 శాతం మందికి, వాడనివారిలో 6.9 శాతం మందికి ఏదో ఒక అదుపు తప్పిన అలవాటు కనబడింది. జూదం, అతిగా కొనడం, అతి తిండి, అదుపులేని లైంగిక కోరిక, ఈ నాలుగే వాళ్లు లెక్కించారు. ఇంట్లో చెప్పుకోలేక దాచేవి ఉంటాయి కనుక బయటపడేది ఎప్పుడూ తక్కువే అని నా అనుభవం.

ఇంకో రకం ఉంది, దాన్ని ఇంటివాళ్లు మొదట సంతోషంగా చూస్తారు. స్తబ్ధుగా ఉండే మనిషి హఠాత్తుగా గడియారాలు విప్పి బిగించడం, పాత కాగితాలు గంటల తరబడి సర్దడం, రాత్రి మూడింటిదాకా ఏదో ఒక పని. ‘హుషారు వచ్చింది’ అనుకుంటారు. మధ్యలో ఆపమంటే విసుక్కుంటే, తిండీ నిద్రా మరిచి అదే చేస్తుంటే అది కూడా ఈ కోవలోదే.

ఇప్పుడు ఏం చేయాలంటే, ముందు ఏం చేయకూడదో చెబుతాను. మందు మీరే ఆపేయకండి. డోపమైన్ మందులు హఠాత్తుగా ఆపితే ఒళ్లు కొయ్యబారి, తీవ్ర జ్వరంతో ప్రాణం మీదికి రావచ్చు. నిద్రపట్టడం లేదని, చికాకుగా ఉన్నారని పార్కిన్సన్స్ సంగతి తెలియని చోట హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటివి రాయించుకోకండి. అవి డోపమైన్‌ను అడ్డుకుని రోగిని మంచం పట్టిస్తాయి. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్‌కీ ఇదే జాగ్రత్త.

తర్వాత రెండు వారాలు ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీయండి: ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని గంటలకు వేసుకున్నారు, కదలిక ఎలా ఉంది, జూదం లేదా ఇతర పని ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది. మాత్రల లెక్క కూడా చూడండి. చీటీలో రాసిన దానికంటే స్ట్రిప్‌లు త్వరగా అయిపోతుంటే, ఆయన చెప్పకుండా అదనపు మోతాదు వేసుకుంటున్నారేమో. అది వేరే సమస్య, డాక్టరుకు తప్పక తెలియాలి. ఆ పుస్తకంతో వెళ్లి ‘ప్రామిపెక్సోల్ మొదలుపెట్టాక ఇవి వచ్చాయి’ అని సూటిగా చెప్పండి. రోగి ముందు చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే ముందే ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. అడగకపోతే డాక్టరుకు తెలియదు. అక్కడ వాళ్లు చూసేది నడక, వణుకు.

సాధారణంగా న్యూరాలజిస్టు ఆగొనిస్టు తగ్గించి, ఆ లోటుకు లెవోడోపా పెంచుతారు. మోతాదులు పోల్చడానికి వాళ్లు వాడే లెక్కలో 1 మి.గ్రా. ప్రామిపెక్సోల్ సుమారు 100 మి.గ్రా. లెవోడోపాతో సమానం, 1 మి.గ్రా. రోపినిరోల్ 20 మి.గ్రా.తో సమానం. డాక్టరు ఏం చేస్తున్నారో మీకు అర్థం కావడానికే ఇది, మీరు మార్చుకోవడానికి కాదు. తగ్గించేటప్పుడు కొందరికి విరమణ లక్షణాలు వస్తాయి: గుండెదడ, భయం, చెమటలు, దిగులు, ఆ మాత్ర కావాలన్న తపన. 2010లో దీన్ని మొదటిసారి ప్రత్యేకంగా వర్ణించారు. లెవోడోపా పెంచినా ఇది తగ్గదు, అదే దీని గుర్తు. రోజుల్లో కాకుండా వారాల మీద తగ్గిస్తే, వచ్చినచోట ఆగి ఊపిరి తీసుకునే వీలుంటుంది. జూదం చేసే మనిషికి ఇదివరకే మద్యం, పొగ, పందేల అలవాటు ఉంటే, వయసు చిన్నదైతే, వంశంలో జూదం ఉంటే ప్రమాదం ఎక్కువ. అవి కూడా చెప్పండి.

ఈలోగా డబ్బుకు తాళం వేయండి. ఉపన్యాసం ఇవ్వొద్దు. ఖాతాలో చిన్న మొత్తం మాత్రమే ఉంచి మిగతాది వేరే ఖాతాకు మార్చడం, రోజువారీ చెల్లింపుల పరిమితి తగ్గించడం, కార్డు వివరాలు ఫోన్‌లోంచి తీసేయడం, రాత్రి పది తర్వాత ఇంటర్నెట్ ఆపడం. ఆయనకు చెప్పి, ఆయన చేతే ఒప్పించి చేయండి. మందు తగ్గినా ఈ కట్టడి కొన్ని నెలలు ఉండాలి, ఎందుకంటే అలవాటు మందుతో వచ్చినా మందుతోనే పోదు.

ఇక రిమోట్ సంగతి. 1996లో ఒక ప్రయోగంలో కొన్ని కార్డులు చూపి ఈరోజు ఎండా వానా చెప్పమన్నారు. ఏ కార్డూ ఖచ్చితమైన జవాబు కాదు, చాలాసార్లు మాత్రమే నిజం. మామూలు మనుషులు తెలియకుండానే కొన్ని పదుల ప్రయత్నాల్లో మెరుగుపడతారు. పార్కిన్సన్స్ రోగులు మెరుగుపడలేదు, కానీ పరీక్ష ఎలా జరిగిందో, ఏమేం చూపారో బాగా గుర్తుంచుకున్నారు. మరపు జబ్బు ఉన్నవాళ్లలో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా జరిగింది. అంటే నాన్నగారిలో దెబ్బతిన్నది చేస్తూ, తప్పుతూ దానంతటదే అలవాటయ్యే దారి. చదివి, చెప్పుకుని, గుర్తుపెట్టుకునే దారి ఇంకా మిగిలి ఉంది.

కాబట్టి ‘నొక్కుతూ ఉండు, వస్తుంది’ అన్న పద్ధతి ఆయనకు పనికిరాదు. తప్పు నొక్కిన ప్రతిసారీ ఆ తప్పే గట్టిపడే ప్రమాదం ఉంది. రిమోట్‌లో అవసరమైన మూడు మీటలు వదిలి మిగతావాటి మీద టేపు అంటించండి. ఆ మూడింటికీ అంకెలు రాయండి. పక్కన పెద్ద అక్షరాలతో మూడు వరసల కార్డు పెట్టండి. మొదటి రోజుల్లో మీరు వేలు పట్టుకుని తప్పు జరగకుండానే చేయించండి, తర్వాత ఒక్కొక్క సాయం తీసేయండి. రోజూ ఒకే వేళకు, మందు బాగా పనిచేస్తున్న గంటలో, పది నిమిషాలు మించకుండా. నేర్పేటప్పుడు టీవీ చప్పుడు, పక్క కబుర్లు వద్దు. ప్రశ్న అడిగాక పది క్షణాలైనా ఆగండి. జవాబు తెలియక కాదు, బయటికి రావడానికి ఆయనకు అంతసేపు పడుతుంది. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ వాడుతుంటే అది జ్ఞాపకశక్తిని ఇంకా మొద్దుబారుస్తుంది, అవసరమేనా అని డాక్టర్ని అడగండి.

వణుకు ఎక్కువైతే మెదడులో ఎలక్ట్రోడ్ పెట్టించుకోమని కొందరు సలహా ఇస్తారు. ఆపరేషన్ తర్వాత ఆగొనిస్టు తగ్గించగలిగితే జూదం తగ్గినవాళ్లు ఉన్నారు. కానీ ఎలక్ట్రోడ్ ఎక్కువగా పెట్టే చోటైన సబ్‌థాలమిక్ కేంద్రం పని, రెండు ఆశల మధ్య చిక్కుకున్నప్పుడు ‘కాస్త ఆగు’ అనడం. అక్కడ కరెంటు ఇస్తే కష్టమైన ఎంపికల్లో కూడా తొందరపడతారని 2007లో ఫ్రాంక్ బృందమే చూపింది. ఈ అలవాటు ఉందని ఆపరేషన్ ముందే సర్జన్‌కి తెలియాలి. కాళ్లు కదపకుండా ఉండలేని చికాకుకు (రెస్ట్‌లెస్ లెగ్స్) రాత్రిపూట ఇవే ఆగొనిస్టులు చిన్న మోతాదులో తీసుకునేవాళ్లకీ ఈ అలవాట్లు వస్తాయి, ఇంట్లో ఎవరైనా వాడుతుంటే వాళ్లనూ ఓసారి అడగండి.