ఇరాన్ సినిమాల్లో ఎప్పుడూ పిల్లలే ఎందుకు కనిపిస్తారు?

సెన్సార్ వల్లేనని చాలామంది అంటారు. అది సగం నిజం. 1979 ఇస్లామిక్ విప్లవం తర్వాత తెర మీద ఆడామగా తాకకూడదు, ఇంట్లో ఉన్న సీన్‌లోనూ ఆడవాళ్ల తల మీద ముసుగు ఉండాలి. పెద్దవాళ్ల కాపురాన్ని సహజంగా చూపడం కష్టమైపోయింది. పిల్లల కథకు ఆ చిక్కులు తక్కువ.

కానీ ఈ బాట అంతకుముందే పడింది. పిల్లల కోసం పెట్టిన 'కానూన్' సంస్థలో సినిమా విభాగాన్ని మొదలుపెట్టినవాళ్లలో దర్శకుడు అబ్బాస్ కియరొస్తామీ ఒకరు. 1970లో అక్కడ ఆయన తీసిన మొదటి చిన్న సినిమా కథ ఇంతే: రొట్టె పట్టుకుని ఇంటికెళ్తున్న పిల్లాడికి సందులో కుక్క అడ్డం.

1987లో ఆయనే తీసిన ఇంకో సినిమాలో ఒక పిల్లాడు, పొరపాటున తనతో వచ్చేసిన స్నేహితుడి నోటుబుక్కు ఇచ్చేద్దామని పక్క ఊరికి పరిగెడతాడు. పెద్దవాళ్లెవరూ వాడి మాట చెవిన వేసుకోరు. మన సినిమాల్లో పిల్లల చేత పెద్దల డైలాగులు చెప్పిస్తారు (నాకైతే చిరాకు). ఇక్కడ పిల్లాడి టెన్షన్ పిల్లాడిదే. 1997లో వచ్చిన మాజిద్ మజీదీ సినిమాలో అన్నాచెల్లెళ్లకు ఒకే జత బూట్లు. బడి వదలగానే చెల్లి పరుగున వచ్చి సందులో అన్నకు అందిస్తుంది.