పక్కసీటు మనిషి "నేను లేకపోతేనే నయం" అంటే ఏం చేయాలి?

అనంతపురం బ్రాంచిలో మీతో పనిచేసే అతను కొన్నాళ్లుగా ముభావంగా ఉంటున్నాడని, నిన్న "నా వల్ల కాదన్నా, నేను లేకపోతేనే అందరికీ నయం" అన్నాడని రాశారు. సోమవారం దాకా ఆగొద్దండి, ఈ పూటే మాట్లాడండి.

టీ కొట్టు దగ్గర వద్దు, తలుపు వేసుకోగల గది చూసుకోండి. "ఏమప్పా, చచ్చిపోవాలనిపిస్తా ఉందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడతారు, అట్లా జరగదు. అవునంటే, ఎట్లా అనుకున్నాడో, ఎప్పుడనుకున్నాడో కూడా అడగాలి. ఆ రెండింటికీ జవాబు సిద్ధంగా ఉందంటే ఒక్క నిమిషం ఒంటరిగా వదలొద్దు. 108కి ఫోన్ చేయండి, లేదా ఇద్దరు తోడుండి సర్వజన ఆసుపత్రి క్యాజువాల్టీకి తీసుకెళ్లండి. బండి అతని చేతికివ్వొద్దు. పొద్దున ఓపీ తెరిచేదాకా ఆగడం ఇక్కడ పనికిరాదు.

పోలీసు కేసవుతుందని కొందరు ఆసుపత్రికి జంకుతారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, ప్రయత్నం చేసిన మనిషిని కూడా తీవ్ర ఒత్తిడిలో ఉన్నాడనే చూడాలి, శిక్షించకూడదు.

"పెళ్లాం బిడ్డలున్నారు, ధైర్యంగా ఉండు" అనే మాట మాత్రం వద్దు. వాళ్లకు భారమయ్యాననే కదా అతని బాధ! ఆ మాటతో నోరు మూసుకుంటాడు. "నిద్ర పడతా ఉందా? ఎన్నాళ్ల నుంచి ఇట్లుంది?" అని అడిగి, చెప్పేది వినండి.

"ఎవరికీ చెప్పొద్దన్నా" అంటే ఒప్పుకోవద్దు. "ఆఫీసులో చాటను, కానీ ఇంట్లో ఒకరికి చెప్తా" అని అతని ముందే చెప్పండి. ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిన మొదటి పని: చెనక్కాయ చేనికి తెచ్చిన పురుగుమందు, మిగిలిపోయిన మాత్రలు ఇంట్లో ఉండకూడదు. బీరువాలో పెట్టి తాళం వేస్తే చాలదు, తాళంచెవి ఎక్కడుంటుందో అతనికి తెలుసు. పక్కింట్లో పెట్టించండి. ఆ తెగింపు చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది, ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది.

మానసిక బాధలకు ప్రభుత్వం నడిపే ఫోన్ సాయం టెలీ మానస్, 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. అతను చేయనంటే అతని గురించి మీరే చేసి అడగండి.

డిప్రెషన్ మాత్రలు రాస్తే గుణం కనబడటానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. కడుపులో తిప్పడం, మగత మాత్రం మొదటి వారమే వస్తాయి. చాలామంది మానేసేది అప్పుడే. మానకుండా డాక్టరుకే చెప్పమనండి. ఆ మొదటి వారాల్లోనే కనిపెట్టుకుని ఉండాలి, రోజుకొకసారి పలకరించండి.

మేనేజరుకు జబ్బు పేరు అక్కర్లేదు. ఎన్నాళ్లు సెలవు, తిరిగొచ్చాక టార్గెట్లలో ఏవి తగ్గించాలి, ఇవి చాలు. అవి కూడా అతన్ని అడిగాకే చెప్పండి.