అమ్మ వేసిన 98, ప్రొఫెసర్ వేసిన 71

టెక్సాస్‌లో ఉంటున్న మీరు, తొమ్మిదో తరగతిలోకి వస్తున్న అబ్బాయిని ఇంట్లోనే చదివిస్తూ హైస్కూలు ముగిసేలోగా కాలేజీ క్రెడిట్లు, అంటే డిగ్రీ లెక్కలోకి వచ్చే యూనిట్లు, సంపాదింపజేయాలంటే ఏపీ (కాలేజీ స్థాయి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు), క్లెప్ (చదివింది ఎక్కడైనా పరీక్ష రాసి క్రెడిట్ పొందే పద్ధతి), డ్యూయల్ క్రెడిట్‌ (హైస్కూలులో ఉండగానే కాలేజీ కోర్సు చదివి రెండు చోట్లా లెక్క వేయించుకోవడం)లలో ఏది మేలని అడిగారు. మా అమ్మాయిని డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఒక శివారులో అయిదేళ్లు ఇంట్లో చదివించి, ఆ మూడింటినీ రుచి చూసినదానిగా నా జవాబు డ్యూయల్ క్రెడిట్. అయితే అందరూ చెప్పినట్టు డబ్బు మిగులుతుందనో, ఏడాది ముందే డిగ్రీ చేతికొస్తుందనో నేను ఈ మాట చెప్పడం లేదు. మన పిల్లలకు మనం కాక మరొకరు మార్కులు వేయడం అవసరం గనుక చెబుతున్నాను.

ఈ రాష్ట్రంలో ఇంటి చదువుకు ఉన్న స్వేచ్ఛ మీకు తెలిసే ఉంటుంది. లీపర్ కేసులో 1994లో టెక్సాస్ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం ఇంటి బడి కూడా ప్రైవేటు బడితో సమానం. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, గణితం, పౌర బాధ్యత అనే అయిదు అంశాలను నిజాయితీగా బోధిస్తే చాలు, ఏ బోర్డులోనూ నమోదు చేసుకోనక్కరలేదు, ఏ ప్రభుత్వ పరీక్షా రాయనక్కరలేదు. విజయవాడలో ఉన్న మా అక్కకు ఈ సంగతి చెబితే, "బోర్డే లేకపోతే మార్కుల జాబితా మీద సంతకం ఎవరు పెడతారే?" అని అడిగింది. నేనే పెడతానన్నాను. "అయితే ఎన్ని కావాలంటే అన్ని వేసుకోవచ్చన్నమాట" అంది. అక్క నవ్వుతూ అన్న ఆ మాటనే విశ్వవిద్యాలయాల అడ్మిషన్ల వాళ్లు మర్యాదగా మనసులో అనుకుంటారని నా గట్టి నమ్మకం. చాలా కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో, బడి కౌన్సెలర్ నింపవలసిన భాగాన్ని కూడా ఇంటి చదువుల్లో తల్లిదండ్రులే నింపుతారు. ఈ విద్యార్థి మీకు ఎంతకాలంగా తెలుసు అని అక్కడ ఒక ప్రశ్న ఉంటుంది. పుట్టినప్పటి నుంచీ అని రాయవలసి వచ్చినప్పుడు నా సంతకం విలువ ఎంతో నాకే అర్థమైంది.

మా అమ్మాయి పదో తరగతిలో, పదిహేనేళ్ల వయసులో, కాలేజీ చదువుకు సిద్ధమో కాదో తేల్చే టీఎస్ఐ పరీక్ష గట్టెక్కి, దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఇంగ్లిష్ 1301, అంటే మొదటి కాంపోజిషన్ కోర్సు, తీసుకుంది. అప్పటికి రెండేళ్లుగా వ్యాసరచన నేర్పింది నేనే, నా దగ్గర దానికి 98కి తక్కువ ఎప్పుడూ రాలేదు. మొదటి వ్యాసం 71తో తిరిగి వచ్చింది. మొదటి పేరాకు ఎదురుగా "ఇందులో నీ వాదన ఏది?" అనీ, మూడో పేజీలో నేను ఎంతో మెచ్చుకున్న ఒక వాక్యానికి ఎదురుగా "ఈ ఆలోచన ఎవరిది? ఎక్కడి నుంచి తీసుకున్నావు?" అనీ రాసి ఉంది. నాకు కోపం ఆగలేదు. మర్నాడే అమ్మాయిని కారులో కూర్చోబెట్టుకుని, ఆ ప్రొఫెసర్‌ను రెండు మాటలు అడగాలనే ఉద్దేశంతో కాలేజీకి వెళ్లాను.

కార్యాలయంలో కూర్చున్న ఆవిడ నా మాటలన్నీ ఓపికగా విని, అమ్మాయి వైపు తిరిగి, "మీ అమ్మగారితో మీ మార్కుల గురించి మాట్లాడటానికి మీరు అనుమతి పత్రం మీద సంతకం చేస్తారా?" అని అడిగింది. పదిహేనేళ్ల పిల్లను అనుమతి అడగడమేమిటని నేను ఆశ్చర్యపోతుంటే, 1974 నాటి ఫెర్పా అనే చట్టం ప్రకారం కాలేజీలో అడుగుపెట్టిన విద్యార్థికి ఏ వయసైనా సరే, రికార్డుల మీద హక్కు తల్లిదండ్రులది కాదు, విద్యార్థిదేనని వివరించింది. హాజరు తగ్గితే నాన్న ఫోనుకు మెసేజ్ పంపే ఇంజనీరింగ్ కాలేజీలను చూసి వచ్చిన ప్రాణం నాది. అంతకన్నా ఆశ్చర్యం ఏమిటంటే, మా అమ్మాయి ఆ పత్రాన్ని తీసుకుని, చదివి, సంతకం పెట్టకుండా తిరిగి ఇచ్చేసి, "అమ్మా, నేను మాట్లాడతాను, నువ్వు కారులో ఉండు" అంది. నలభై నిమిషాలు కారులో కూర్చున్నాను. అది తిరిగి వచ్చి చెప్పింది ఒక్కటే ముక్క: ప్రొఫెసర్‌గారు చెప్పింది నిజమేనట. ఆ కోర్సు చివరికి బి గ్రేడుతో ముగిసింది.

ఆ బి గురించి మీకు దాచకుండా చెప్పాలి. డ్యూయల్ క్రెడిట్ గ్రేడు కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులో, అంటే మార్కుల జాబితాలో, ఎక్కిందంటే ఇక చెరగదు. తరువాత ఏ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు చేసినా ఆ ట్రాన్స్‌క్రిప్టు వెంట వెళ్లవలసిందే. ఏపీలో స్కోరు బాగా రాకపోతే పంపకుండా ఊరుకోవచ్చు. అందుకే మీ అబ్బాయికి లెక్కలు బాగా వచ్చుననే ధైర్యంతో తొలి సెమిస్టరులోనే 2413 కాలిక్యులస్‌లో చేర్చకండి. ముందు ఒకే ఒక్క కోర్సు, అదీ వాడు ఇష్టపడే సబ్జెక్టులో, తీసుకోనివ్వండి. టెక్సాస్‌లో కోర్సు నంబర్లు ఉమ్మడి పద్ధతిలో ఉంటాయి. డిగ్రీకి అందరూ చదవవలసిన 42 క్రెడిట్ గంటల కోర్ కరిక్యులమ్‌లోని కోర్సులైతే రాష్ట్రంలోని ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు బదిలీ చేసుకుంటాయి. ప్రతి కోర్సు సిలబస్ కాగితాన్నీ దాచుకోండి, ప్రైవేటు కాలేజీలు అడిగినప్పుడు అదే ఆధారం.

ఏపీ చెడ్డదని నేను అనను. 1 నుంచి 5 వరకు ఇచ్చే ఆ స్కోరు కూడా బయటివాళ్లు వేసిందే కదా. ఈ రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా 3కే క్రెడిట్ ఇవ్వాలని 2015లో చట్టం కూడా వచ్చింది. చిక్కల్లా పరీక్ష రాయడానికి చోటు దొరకడంలోనే ఉంది. మా అత్తగారు ఫోనులో, "అక్కడ కూడా ఏపీకి వేరుగా, తెలంగాణకు వేరుగా పరీక్షలా అమ్మా?" అని అడిగిన రోజున నేను నవ్వే స్థితిలో లేను, ఎందుకంటే పరీక్ష మే నెలలోనే అయినా ప్రశ్నపత్రాలకు ఆర్డరు నవంబరు నడిమికల్లా పడాలి, ఇంటి చదువు పిల్లలను తాము నిర్వహించే ఏపీ పరీక్షకు కూర్చోనివ్వాలని మన సొంత పాఠశాల జిల్లాకు రాష్ట్ర చట్టం చెబుతున్నా, బయటి విద్యార్థిని కూర్చోబెట్టాలన్న నిర్బంధం మిగతా బడులకు లేదు. తొమ్మిది బడులకు ఫోను చేస్తే ఏడు కాదన్నాయి, ఒకటి జవాబే ఇవ్వలేదు. ఇంటి పన్నులో సింహభాగం ఏటా పాఠశాల జిల్లాకే కడుతూ, వాళ్ల జిమ్నాజియంలో మూడు గంటలపాటు ఒక కుర్చీ కోసం బతిమాలుకోవడం నాకు ఈనాటికీ మింగుడుపడదు. పైగా మన ట్రాన్స్‌క్రిప్టులో కోర్సు పేరు పక్కన ఏపీ అని రాసుకోవాలంటే సిలబస్‌ను ఏపీ నడిపే కాలేజీ బోర్డు ఆడిట్‌కు పంపి అనుమతి తీసుకోవాలి.

ఇక క్లెప్. చవక, సులువు, ఏడాదిలో ఎప్పుడైనా రాసుకోవచ్చు. మోడరన్ స్టేట్స్ అనే సంస్థ వారి ఉచిత ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేస్తే పరీక్ష ఫీజు వోచరు కూడా వస్తుంది. 80కి 50 వస్తే చాలా కాలేజీలు క్రెడిట్ ఇస్తాయి. మా అమ్మాయి ఒకటి రాసి పాసయింది, అది చివరికి ఎక్కడా అక్కరకు రాలేదు. వాట్సాప్ గ్రూపుల్లో కొందరు తండ్రులు పిల్లల క్లెప్ క్రెడిట్లను ప్లాట్లు కొన్నట్టు లెక్కపెడుతూ, పదిహేడేళ్లకే అరవై దాటాయని ప్రకటిస్తుంటారు. ఎంఐటీ క్లెప్‌కు అసలు క్రెడిట్ ఇవ్వదన్న సంగతి ఆ గ్రూపుల్లో ఎవరూ అనరు. 120 క్రెడిట్ గంటల డిగ్రీలో ఆ అరవైలో ఎన్ని మేజరుకు పనికొస్తాయో, ఎన్ని ఉత్త ఎలెక్టివ్‌లుగా మిగిలిపోతాయో కూడా ఎవరూ అడగరు. పిల్లను మెడిసిన్‌కు పంపాలనుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే జీవశాస్త్రం, రసాయనశాస్త్రం వంటి ముందస్తు కోర్సులకు పరీక్షల క్రెడిట్‌ను కొన్ని మెడికల్ కాలేజీలు ఒప్పుకోవు.

నా మాట ఎంతవరకు నమ్మాలో మీరే నిర్ణయించుకోండి. నాకున్న ఆధారం ఒక్క పిల్ల. పన్నెండో తరగతిలో సిఫారసు ఉత్తరాలు అవసరమైనప్పుడు ఎవరిని అడుగుదామని నేను తలపట్టుకుని కూర్చుంటే, అమ్మాయి అప్పటికే ఆ 71 వేసిన ప్రొఫెసర్‌ను అడిగి ఒప్పించుకుని వచ్చింది. ఆయన అందులో ఏం రాశారో నాకు తెలియదు, దానికీ తెలియదు. ఉత్తరాన్ని చూసే హక్కును వదులుకుంటున్నానని, అదే ఫెర్పా కింద, కామన్ యాప్‌లో నన్ను అడగకుండానే సంతకం పెట్టేసింది.