కంచెలో మొలిచిన చెట్లకు గునపమే మందు

ప్రశ్న: మా నిమ్మతోట చుట్టూ వాక్కాయ కంచె ఉంది. అందులో సుబాబుల్, సర్కారు తుమ్మ, వేప మొలిచాయి. ఏటా నరికిస్తున్నా గుబురుగా చిగురిస్తున్నాయి. వాటి పక్కన కంచె అక్కడక్కడా ఎండుతోంది, తెగులనుకుంటున్నాను. మందుల షాపులో గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టి, మొదళ్లలో ఉప్పు పోయమన్నారు. ఏం చేయమంటారు?
– ఒక రైతు, పొదలకూరు, నెల్లూరు జిల్లా

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి అది తెగులులా లేదు. ఆ చెట్ల నీడకు, వేళ్ల పోటీకి వాక్కాయ ఎండుతోంది. శిలీంధ్రనాశని కొని డబ్బు పోగొట్టుకోకండి.

మోకాలెత్తున నరికితే సుబాబుల్ చావదు, ఒక కొమ్మకు నాలుగు వేస్తుంది. సర్కారు తుమ్మకు చిగురించే మొగ్గలు నేలమట్టానికి కాస్త కింద కూడా ఉంటాయి. అందుకే మంచి వాన పడి నేల మెత్తబడిన మర్నాడే పని పెట్టుకోండి. పెన్సిల్ లావు మొక్కల్ని చేత్తో పీకేయొచ్చు. అంతకంటే లావైతే ముందు పక్కనున్న వాక్కాయ కొమ్మలు కత్తిరించి, చేతికి తోలు తొడుగు వేసుకుని, మొదలు చుట్టూ గునపంతో తవ్వి, నేలకు 30 సెం.మీ. లోతున తల్లివేరు నరికి మొద్దు బయటకు తీయాలి. తవ్వడానికి వీల్లేని మొద్దుల చిగుళ్లను 15 రోజులకోసారి లేతగా ఉండగానే తుంచేయండి. ఒక్కసారి వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఇక ఆ సలహా సంగతి. గ్లైఫోసేట్‌కు మీ వాక్కాయ, సుబాబుల్ ఒకటే. ఆకు మీద పడితే రెంటినీ చంపుతుంది, గాలికి తుంపర్లు లేత నిమ్మ మొక్కల పచ్చి బెరడు మీద పడినా ప్రమాదమే. పైగా పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు (లైసెన్సుతో పురుగుల మందులు కొట్టేవాళ్లు) తప్ప ఇతరులు దీన్ని వాడకూడదని 2022 అక్టోబరులో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అమ్మేవాళ్లు ఆ మాట చెప్పరు. ఉప్పు మరీ ఘోరం, నిమ్మ ఉప్పును అసలు తట్టుకోదు. కంచె దాకా పాకిన వేళ్లు దెబ్బతింటే ఆకుల అంచులు మాడతాయి, అప్పుడు దానికి ఇంకో మందు అంటగడతారు!

సుబాబుల్ కాయలు ఎండి పగలకముందే కోసేయండి. దాని గింజ నేలలో ఏళ్ల తరబడి బతికుంటుంది. తుమ్మ కాయలు తిన్న మేకల్ని కంచె వెంట తోలొద్దు, పేడలో గింజలొస్తాయి. వేపను ముదిరాక కొట్టడానికి మనసొప్పదు కాబట్టి, పిట్టలు వేసిన గింజలు మొలిచే జులై, ఆగస్టులోనే పీకేయండి. ఖాళీల్లో తట్టెడు పశువుల ఎరువు వేసి, ఈ వానల్లోనే రెండడుగులకొక వాక్కాయ మొక్క నాటండి.